అంగుళిత్రాణము అశుద్ధమా? ఒక అర్చకుని ప్రతివాదము



గద్వాల ప్రాంతమున, కృష్ణాతీరమునకు సమీపముననున్న ఒక చిన్న దేవాలయములో ముప్పది సంవత్సరములుగా అర్చకత్వము నెరపుచున్నవాడను. వేదాధ్యయనమే నా చదువు. విలువిద్య నా వృత్తి కాదు. అయినను విలుకాడు వ్రేళ్లకు తొడుగుకొను ఒక తోలుతునకను గూర్చి ఈ వ్యాసము వ్రాయవలసి వచ్చినది. కారణము మొదట నివేదించెదను.

మా గ్రామ యువకులు కొందరు రెండేండ్లుగా ఆలయము వెనుకనున్న ఖాళీస్థలమున విలువిద్య అభ్యసించుచున్నారు. కొందరివి వెదురు విండ్లు. ఇద్దరివి నిలువెత్తు కర్రవిండ్లు, అనగా లాంగ్‌బో అని పిలువబడునవి. గడచిన విజయదశమినాడు ఆయుధపూజకై వారు విండ్లను, అమ్ములను పీటపై నుంచిరి. వారిలో ఒక బాలుడు తన వింటి ప్రక్కన మూడువ్రేళ్ల తోలుతొడుగును కూడ ఉంచెను. పూజకు విచ్చేసిన పెద్దమనిషి ఒకరు దానిని చూచి, "తోలు తెచ్చి దేవుని పీటమీద పెట్టుదురా?" అని గద్దించి, చేతికర్రతో దానిని నేలకు నెట్టిరి. అంతటితో ఆగక, "రాముడు గ్లౌజులు తొడుగుకొని బాణము వేసెనా? ఇది తెల్లవారి అలవాటు" అనిరి. ఆ తొడుగును కుట్టినది ఆ బాలుని తండ్రి. చెప్పులు కుట్టి జీవించువాడు. ఆయన ద్వారమువద్ద నిలిచి ఇదంతయు చూచెను.

నేను హారతిపళ్లెము పట్టుకొని అచ్చటనే యుంటిని. సమాధానము నాకు తెలియును. చెప్పలేదు. పండుగపూట వాదమెందుకని మనస్సునకు సర్దిచెప్పుకొంటిని. ఆ బాలుడు మరునాటినుండి వట్టిచేతితో లాగసాగెను. రెండు మాసములు గడచునప్పటికి వాని చూపుడువ్రేలి కొన స్పర్శ కోల్పోయినది. కలము పట్టుట కష్టమైనది. అభ్యాసము మాని విశ్రాంతి తీసికొన్న పిమ్మటనే క్రమముగా తేరుకొనెను. శాస్త్రము తెలిసియు మౌనము వహించినవాని దోషము ఇచ్చట నాది. ఆ మౌనమునకు ప్రాయశ్చిత్తముగా ఈ ప్రతివాదమును పాఠకమహాశయుల ముందుంచుచున్నాను.

పూర్వపక్షము నాలుగు విధములుగా వినవచ్చుచున్నది. మొదటిది: వ్రేలితొడుగు విదేశీయము, మన ధనుర్విద్యలో లేదు. రెండవది: వట్టిచేతితో నారి లాగుటయే తపస్సు, తొడుగు సుకుమారుల చిహ్నము. మూడవది: చర్మము అశుద్ధము, దేవాలయమునకు తగదు. నాలుగవది వీటికి విరుద్ధ దిశనుండి వచ్చునది: తొడుగు శాస్త్రీయమే, కాని శాస్త్రము చెప్పినది ఉడుముతోలు కనుక ఉడుముతోలే కావలెను. వీటిని వరుసగా విచారింతము.

మొదటి పక్షము విదేశీయతను గూర్చినది. ఋగ్వేదమున 6వ మండలమున 75వ సూక్తము యుద్ధోపకరణములను స్తుతించును. కవచము, ధనుస్సు, జ్య, ఇషుధి, రథము, అశ్వములతోపాటు అచ్చట హస్తఘ్నమునకు కూడ ఒక ఋక్కు కలదు. నారిదెబ్బనుండి చేతిని కాపాడుటకు బాహువును చుట్టుకొనియుండు త్రాణమది. దానిని ఋషి సర్పపు చుట్లతో పోల్చెను. నిఘంటువున దైవతకాండమందలి పదములలో ఇషుధి, ధనుస్సు, జ్యలతోపాటు హస్తఘ్నపదము కూడ పఠింపబడినది. యాస్కుడు నిరుక్తమున దానికి నిర్వచనము చెప్పెను. అనగా దెబ్బను తాననుభవించి చేతిని కాపాడు వస్తువును వేదము స్తుత్యమైన దేవతగా గ్రహించినది. ఆ దేవతను కర్రకొనతో నేలకు నెట్టినవారు తాము వేదమును రక్షించితిమని తలంచుట ఎంత వైపరీత్యము!

హస్తఘ్నము వింటిని పట్టు చేతి ముంజేతిని రక్షించునది కదా, నారి లాగు వ్రేళ్లకు ప్రమాణమేమి యని ప్రశ్న రావచ్చును. దానికి రామాయణమే సమాధానము. విశ్వామిత్రుని వెంట నడచిన రామలక్ష్మణులు గోధాంగుళిత్రాణములు కట్టుకొనియే నడచిరని బాలకాండము చెప్పుచున్నది. బాలకాండమును పారాయణము చేయువారి నోట ఆ సమాసము పలుకుచునేయున్నది. అర్థము మాత్రము చెవికెక్కలేదు. ఆ సమాసమునకు విగ్రహము రెండు విధముల చెప్పవచ్చును. గోధయు అంగుళిత్రాణమును అని ద్వంద్వముగా గ్రహించినచో, గోధ యనగా ముంజేతి త్రాణము. అమరసింహుడు గోధా, తల శబ్దములను జ్యాఘాతవారణమునకు పర్యాయములుగా నిచ్చెను. గోధాచర్మముతో చేసిన అంగుళిత్రాణమని తత్పురుషముగా గ్రహించినచో, ఉడుముతోలు వ్రేలితొడుగని అర్థము. రెండు విగ్రహములలో ఏది గ్రహించినను అంగుళిత్రాణము తొలగిపోదు. "రాముడు గ్లౌజులు వేసికొనెనా" అని అడిగినవారికి ఉత్తరము: వేసికొనెను. మహాభారతమున పాండవులకును ఇట్టి వర్ణనయే కలదు.

అయినచో ఆంగ్లేయులకు ఈ వస్తువు లేదా? ఉన్నది. రోజర్ ఆస్కమ్ అను పండితుడు 1545లో ప్రకటించిన టాక్సోఫిలస్ అను విలువిద్యాగ్రంథమున ముంజేతి పట్టీని గూర్చియు, వ్రేలితొడుగును గూర్చియు వేరువేరుగా చర్చించెను. అదే సంవత్సరమున మునిగిపోయిన మేరీ రోజ్ అను ఆంగ్ల నౌకనుండి విండ్లతోపాటు తోలు ముంజేతిపట్టీలు కూడ వెలికివచ్చినవి. నారి ఎచ్చట నుండునో అచ్చట దెబ్బ యుండును. దెబ్బ యున్నచోట త్రాణము పుట్టును. దీనికి దేశభేదము లేదు. పరుల వద్దను ఉన్నంత మాత్రమున మనది కాకపోదు.

రెండవ పక్షము తపస్సును గూర్చినది. అర్జునుని చేతులమీద జ్యాఘాతపు కాయలుండెననియు, విరాటుని కొలువులో వాటిని గాజులతో కప్పుకొనెననియు చెప్పి, కాయలే వీరలక్షణమని వాదింతురు. కాయలుండుట సత్యమే. కాని అవి ఉభయహస్తములతో అసంఖ్యాకముగా బాణములు విడిచినవానికి త్రాణమున్నను మిగిలిన ఫలములు. ఆయన కోరి సంపాదించిన అలంకారములు కావు. వంట చేయువాని చేతికి కాలిన మచ్చలుండును. అంతమాత్రమున పట్టుకారు విసర్జించి పాత్రను వట్టిచేతితో దించుట పాకశాస్త్రమగునా?

భగవద్గీత 17వ అధ్యాయము ఈ విషయమున నిస్సందేహముగా పలుకుచున్నది. శాస్త్రము విధింపని ఘోరతపస్సుతో శరీరమును కృశింపజేయువారిని భగవానుడు ఆసురనిశ్చయులని చెప్పెను. మూఢగ్రహముతో తన్ను తాను పీడించుకొను తపస్సును తామసమనెను. శాస్త్రము అంగుళిత్రాణమును చెప్పుచుండగా దానిని వదలి పసివాని వ్రేలిని మొద్దుబార్చుట ఏ గుణములోనికి వచ్చునో విజ్ఞులే నిర్ణయింపవలెను.

ఇంకొక మాట. ముండకోపనిషత్తు ప్రణవమును ధనుస్సుగా, ఆత్మను శరముగా, బ్రహ్మమును లక్ష్యముగా నిరూపించి, అప్రమత్తుడై కొట్టవలెనని ఉపదేశించినది. ఆ ఉపమానములో కీలకము అప్రమాదము. నొప్పితోనున్న వ్రేలు అప్రమత్తముగా నుండజాలదు. నారి వదలకముందే అది జంకును. జంకినవ్రేలు నారిని ప్రక్కకు లాగును. బాణము ఎడమకో కుడికో తొలగును. అప్పుడు అభ్యాసి దృష్టి లక్ష్యమునందు కాక తన వ్రేలియందుండును. దేహభావమును తగ్గించుటకు చేసిన సాధన దేహభావమునే పెంచినచో అది సాధన యెట్లగును? తొడుగు దేహసుఖమునకు కాదు, దేహమును మరచుటకు.

నల్లమల చెంచులను కొందరు ఉదాహరింతురు. నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్, మన్ననూరు ప్రాంతములందలి చెంచులకు విల్లు కులదైవమువంటిది. సలేశ్వరమున చైత్రపూర్ణిమ జాతరలో లింగమయ్యకు పూజ చేయువారును వారే. వారి విద్యకు నమస్కరింతును. కాని వేటకై వెడలినవాడు దినమునకు విడుచు బాణములు కొన్నియే. లక్ష్యఫలకము ముందు నిలిచి ప్రతిసాయంకాలము నూరు బాణములు విడుచు అభ్యాసి స్థితి వేరు. ఒకరి ఆచారమును ప్రయోజనము విచారింపక మరొకరిపై ఆరోపించుట ఉచితము కాదు. నేటి క్రీడాకారులనే చూడుడు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పాల్గొన్న విజయవాడవాసి బొమ్మదేవర ధీరజ్ రికర్వ్ విలుకాడు. ఆ పద్ధతివారందరును వ్రేళ్లకు తోలుపట్టీ కట్టుకొందురు. 2023లో హాంగ్‌ఝౌ ఏషియాడ్‌లో మూడు స్వర్ణములు గెలిచిన వెన్నం జ్యోతి సురేఖది కాంపౌండ్ విల్లు. ఆ విధానమున నారిని వ్రేళ్లకు బదులు ఒక చిన్న సాధనముతో వదలుదురు. వీరిని సుకుమారులని ఎవరందురు?

మూడవ పక్షము అశుద్ధిని గూర్చినది. ఇదియే అసలు వ్రణము. పై రెండును దీనికి కప్పిన వస్త్రములు.

ఉపనయనకాలమున వటువునకు యజ్ఞోపవీతముతోపాటు అజినధారణము విధింపబడినది. నా దేహముపై ఆ చర్మపు తునక నిలిచిన తరువాతనే నాకు గాయత్రీ ఉపదేశము జరిగినది. ఈ మాట వ్రాయు నేనును, తోలును చూచి ముక్కు మూసికొనిన ఆ పెద్దమనిషియు ఇట్లే ద్విజులమైతిమి. ఉత్సవములలో స్వామి సన్నిధిని మ్రోగు మృదంగమునకు ఇరుప్రక్కల నున్నది తోలు కాదా? దానిని ఏనాడైనను కర్రతో నెట్టితిమా? మనుస్మృతి 5వ అధ్యాయము ద్రవ్యశుద్ధిప్రకరణమున చర్మమునకు వస్త్రమునకువలెనే శుద్ధి చెప్పినది. శుద్ధి చెప్పబడిన వస్తువు స్వభావముచేత నిషిద్ధము కాజాలదు. మాలిన్యమున్నచో తొలగించి వాడుకొనవలెను, అంతియే.

ఇక మన పాలమూరు సీమయందలి ప్రత్యక్షప్రమాణమును చూడుడు. వనపర్తికి దూరము కాని కురుమూర్తి క్షేత్రమున, దీపావళి తరువాత జరుగు బ్రహ్మోత్సవములలో ప్రధానమైనది ఉద్దాలోత్సవము. చిన్నవడ్డెమాను గ్రామమున దళితులైన చర్మకారులు నియమనిష్ఠలతో స్వామికి తోలుపాదుకలు కుట్టుదురు. ఆ ఉద్దాలను ఊరేగింపుగా కొండకు కొనిపోవుదురు. లక్షలాది భక్తులు కులభేదము లేక ఆ పాదుకల స్పర్శకై శిరస్సు వంచుదురు. సాక్షాత్తు శ్రీనివాసుడు ఆ చేతులు కుట్టిన తోలును తన పాదములకు ధరింప నంగీకరించెను. అదే చేతులు కుట్టిన తొడుగు మన ఆయుధపూజ పీటకు తగదట! దేవునికన్న మనకు శౌచమెక్కువైనదా?

వాస్తవము చెప్పవలెనన్న, ఆనాడు నేలకు నెట్టబడినది తోలు కాదు. తోలు కుట్టిన మనిషి. పెద్దమనిషి పాదరక్షలు, నడుముపట్టీ, డబ్బులసంచి అన్నియు తోలువే. అవి అంగడినుండి వచ్చినవి, వాటిని కుట్టినవాడు కంటికి కనబడలేదు గనుక అడ్డు లేకపోయినది. తొడుగు కుట్టినవాడు ద్వారమువద్ద నిలిచియున్నాడు గనుక అడ్డు వచ్చినది. దీనికి శాస్త్రమను పేరు పెట్టుట శాస్త్రమునకే అవమానము. ఈ మాట నా వర్గమువారికి కటువుగా తోచవచ్చును. నాకును వ్రాయుటకు కటువుగానే యున్నది. అయినను అసత్యము కాదు.

నాలుగవ పక్షము ఉడుముతోలును గూర్చినది. ఈ వాదమును చేయువారు శ్రద్ధాళువులైన యువకులే. వారియందు నాకు కోపము లేదు. కాని ఉడుము 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున 1వ షెడ్యూలులో చేరిన జీవి. దానిని చంపుట, దాని తోలును అమ్ముట, కొనుట నేరము. నల్లమల అభయారణ్యము మన ముంగిట నున్నది. శ్రద్ధ పేరిట వేటగానికి గిరాకీ కల్పించుట అధర్మము. కృష్ణాజినము విషయమును ఇట్టిదే. కృష్ణసారము కూడ రక్షితమృగము కావున నేడు అజినము స్థానమున ప్రతినిధిద్రవ్యముతో సరిపెట్టుకొనవలసియే యున్నది.

ప్రతినిధి అను మాట తేలికైనది కాదు. జైమిని మీమాంసాసూత్రముల 6వ అధ్యాయము 3వ పాదమున దీనినే విచారించెను. సోమము లభింపనప్పుడు పూతీకము, వ్రీహులు లేనప్పుడు నీవారములు గ్రహింపబడుట యాజ్ఞికులెరిగినదే. అదృష్టఫలము గల యాగమునందే ప్రతినిధికి చోటుండగా, వ్రేలిని కాపాడుటయను దృష్టప్రయోజనము మాత్రమే గల తొడుగునకు ఉడుముతోలే కావలెనను నిర్బంధమెక్కడిది? ప్రయోజనమును నెరవేర్చు ఏ ద్రవ్యమైనను చాలును. గోచర్మమును స్పృశింపనని వ్రతమున్నవారు మేకతోలు గ్రహింపవచ్చును, కుట్టువానినడిగి తెలిసికొనవచ్చును. చర్మమును సర్వథా విడిచినవారు దట్టమైన నూలుబట్టతోనో కృత్రిమచర్మముతోనో కుట్టించుకొనవచ్చును. వారి నియమము గౌరవార్హము. దానిని ఇతరులపై రుద్దుట మాత్రము కాదు.

ఖండనముతో ముగించుట శాస్త్రపద్ధతి కాదు, సిద్ధాంతము చెప్పవలెను. అభ్యాసకులనుండి, కుట్టు పనివానినుండి నేను నేర్చినది సంగ్రహముగా నివేదింతును.

మొదట నారిని ఏ వ్రేళ్లతో లాగుదురో నిశ్చయించుకొనవలెను. వాసిష్ఠ ధనుర్వేదసంహిత పతాక, వజ్రముష్టి, సింహకర్ణ, మత్సరీ, కాకతుండి అని ఐదు ముష్టులను చెప్పినది. మన సంప్రదాయమున అంగుష్ఠమునకు ప్రాధాన్యము. ఏకలవ్యుడు బొటనవ్రేలు ఇచ్చిన పిమ్మట మిగిలిన వ్రేళ్లతో లాగెననియు, పూర్వపు వేగము రాలేదనియు భారతము చెప్పుటకు కారణమిదియే. పాశ్చాత్యుల నిలువెత్తు వింటిని చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపువ్రేళ్లతో లాగుదురు. అంగడిలోని మూడువ్రేళ్ల తొడుగు ఈ పద్ధతికే. బొటనవ్రేలితో లాగువాడు దానిని కొనిన ధనము వ్యర్థము. వానికి బొటనవ్రేలికి ఉంగరమో, తోలుకప్పో కావలెను. కుడిచేతితో లాగువాడు ఎడమచేతి తొడుగు కొనిన సందర్భములును చూచితిని.

రెండవది మందము. మిక్కిలి మందమైన తోలు స్పర్శను చంపును. నారి వ్రేలిపై ఎచ్చట నున్నదో తెలియదు. మిక్కిలి పలుచనిది దెబ్బను ఆపదు. తొడుగు వేసికొని నాణెమును తడిమినచో దాని అంచు తెలియవలెను. నారిని పూర్తిగా లాగి నిలిపినచో కోత తెలియరాదు. ఆహారవిహారములందు గీత చెప్పిన యుక్తత ఇచ్చటను వర్తించును. విల్లు ఎంత బలమైనదో తోలు అంత దృఢముగా నుండవలెను. ఇరువది పౌండ్ల వింటికి చాలినది నలుబది పౌండ్ల వింటికి చాలదు.

మూడవది కొలత. వ్రేలికొనవద్ద ఖాళీ యున్నచో వదలునప్పుడు తొడుగు మెలితిరుగును. మిక్కిలి బిగువైనచో రక్తప్రసారము తగ్గును. కుట్టు ఎన్నడును నారి ఆనుచోట రారాదు. కుట్టు తగిలినచో నారి తడబడును. నారి ఆను ముఖము నునుపుగా నుండవలెను. ఈ కొలతలు పెట్టెలో వచ్చు వస్తువునకు తరచుగా కుదరవు. అందుచేత వేలరూపాయల విదేశీ తొడుగుకన్న, వ్రేళ్లను కొలిచి మన ఊరి చర్మకారుడు కుట్టినదే మేలు.

నాలుగవది రక్షణ. మా సీమలో వేసవి చెమట తోలును నాననిచ్చి, ఎండ గట్టిపరచును. నీడలో ఆరబెట్టవలెను. నూనె అధికముగా పూసినచో మెత్తబడి నారి గాడి లోతగును. గాడి లోతైన తొడుగును మార్చవలెను.

చివరది ముఖ్యము. తొడుగున్నను వ్రేలు తిమ్మిరెక్కినచో, దోషము తొడుగులోనే కాక, వింటి బలములోను ఉండవచ్చును. తేలికైన విల్లు గ్రహించి, కొన్ని దినములు విశ్రాంతి నీయవలెను. తిమ్మిరి తగ్గనిచో వైద్యుని చూడవలెను. పిల్లల విషయమున పెద్దలు ఇది మరువరాదు. నేను మరచితిని, ఫలితము పైన చెప్పితిని.

ఆ బాలుడు ఇప్పుడు మరల అభ్యాసమునకు వచ్చుచున్నాడు. తొడుగు తెచ్చుకొనుటకు సందేహించుచుండగా, నేనే వాని ఇంటికి వెడలి, ఆ తండ్రిని క్షమింపుమని వేడుకొని, క్రొత్తదానిని కుట్టి యిమ్మని అడిగితిని. ఆయన ఏమియు మాటాడక ముందు బాలుని వ్రేళ్లను దారముతో కొలిచెను. పిదప, "అయ్యగారూ, ఈసారి పీటమీద పెట్టనిత్తురా?" అని అడిగెను.

పెట్టనిత్తును అని చెప్పితిని. రాబోవు విజయదశమినాడు ఆ తొడుగును పీటపై నా చేతులతోనే ఉంచెదను, హస్తఘ్నదేవతను స్తుతించు ఋక్కునే పఠించెదను. అభ్యంతరము గల విద్వాంసులు ఆనాటికి ముందే ప్రమాణములతో రావలసినదిగా ప్రార్థన. కర్రతో మాత్రము రావలదు.

ఇతి శమ్.